జనకుడి కిరీటం జమ్మలమడుగులో చిక్కింది

ప్రొద్దుటూరు హోమస్‌పేటలో నూర్ అహ్మద్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "రాజుల పెట్టెల మామ ఇల్లా? అగో, ఆ పచ్చ తలుపు" అంటారు. ఆ పచ్చ తలుపు తీస్తే ముందు గదిలోనే తొమ్మిది ఇనప పెట్టెలు. ముల్లోకాలను గడగడలాడించిన మహారాజులంతా వాటిలో కలరా ఉండల వాసన కొడుతూ మడతల మీద మడతలై పడుకుని ఉంటారు. పౌరాణిక నాటకాలకు దుస్తులు, నగలు, కిరీటాలు అద్దెకివ్వడం నూర్ అహ్మద్ పని. తండ్రి షంషుద్దీన్ మొదలుపెట్టాడు, కొడుకు నలభై ఏళ్లకు పైగా మోస్తున్నాడు. మోయడం అంటే ఉత్త మాట కాదు, బస్సు టాపు మీదికి పెట్టెలు ఎక్కించీ ఎక్కించీ ఆయన కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది.

చదివింది ఐదో తరగతి. అయినా ఆ వీధి ఆడవాళ్లకు పురాణాల్లో రాజుల మీద సందేహం వస్తే పంతులు దగ్గరికి పోరు, నూర్ అహ్మద్ దగ్గరికే వస్తారు. పంతులు చెబితే పొయ్యి మీద పప్పు మాడేదాకా చెబుతాడు. నూర్ అహ్మద్ అయితే కిరీటాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి, రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

"యుద్ధాలు చేసే రాజులది మూడు కిలోలకు తక్కువ ఉండదమ్మా. వాళ్లకు అంత బరువుంటేనే కోపం నిలుస్తాది. జ్ఞానం ఉండే రాజుల జాతే వేరు. రంతిదేవుడు ఉండాడే, నలభై ఎనిమిది దినాలు పస్తుండి, నోటి కాడికొచ్చిన కూడూ నీళ్లూ గూడా అడిగినోళ్లకు ఇచ్చేసినాడు. ఆ ఆకలి మీద బరువు పెడితే మెడ వాలిపోదా? అంబరీషునికీ అంతే, ఏకాదశి పస్తు. ఇంక జనకుడంటావా, రాజ్యం ఏలుతానే సన్యాసి. కిరీటం పెట్టుకున్నట్టు ఆయనకే తెలీగూడదు."

అందుకే జనకుడి కిరీటాన్ని షంషుద్దీన్ జీలుగు బెండుతో చేశాడు. పైన బంగారు రంగు జిగినా కాగితం, ముందు చిన్న చిన్న అద్దం ముక్కలు. చూడ్డానికి మిథిల ఖజానా అంతా దాని మీదే ఉన్నట్టుంటుంది. చేతిలోకి తీసుకుంటే బొరుగుల పొట్లం.

ఈ జ్ఞానబోధంతా లోపలినుంచి వింటూ ఆయన భార్య ఖమ్రున్నీసా ఊరుకునేది కాదు. "లోకంలో రాజులందరికీ గుండీలు కుడతాండావు గదా, నీ చొక్కాకు రెండు గుండీలు ల్యావు, దానికేం జ్ఞానం చెప్తావు?" అనేది. నూర్ అహ్మద్ చొక్కా అంచులు దగ్గరికి లాక్కుని ఇంకో కిరీటం ఎత్తేవాడు.

ఈ పనిలో ఆయన తండ్రి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. కిరీటం తలకు పెట్టేది మనం, తీసేది మాత్రం వేషగాడే. నాటకం అయిపోయాక అతను తనంతట తాను తీసి, కళ్లకద్దుకుని, చేతికిచ్చేదాకా పక్కనే కూర్చోవాలి. అడగకూడదు, చెయ్యి వేయకూడదు. ఎప్పుడో ఒకసారి షంషుద్దీన్ బస్సు తప్పిపోతుందన్న తొందరలో, కుర్చీలో కూర్చున్న వేషగాడి తల మీదినుంచి కిరీటాన్ని వెనకనుంచి ఎత్తేశాడట. ఆ మనిషి చెంపదెబ్బ తిన్నవాడిలా ఉలిక్కిపడి, మళ్లీ జన్మలో ముఖానికి రంగు వేసుకోలేదట. "ఆయప్ప ఇంకా రాజుగానే ఉండాడురా నూరూ, మనం తొందరపడితిమి" అని షంషుద్దీన్ చివరిదాకా బాధపడ్డాడు. అప్పటినుంచి ఎంతమంది రాజులు ఎంత ఆలస్యం చేసినా, బీడీ తాగుతూ కిరీటంతోనే పక్కవాడితో పేకాటకు దిగినా, నూర్ అహ్మద్ పెట్టె మీద కూర్చుని ఎదురు చూసేవాడే తప్ప చెయ్యి చాపలేదు.

అలాంటివాడికి ఈ శ్రీరామనవమికి చిక్కు వచ్చి పడింది.

పులివెందులలో ఏటా నవమినాటి సాయంత్రం జనకుడి నాటకం వేస్తారు. ఒకప్పుడు ఏడాదికి నలభై ఊళ్లు పిలిచేవి. డీజేలు, ఆర్కెస్ట్రాలు వచ్చాక నాలుగు ఊళ్లే మిగిలాయి. అందులో తప్పకుండా పిలిచేది పులివెందుల ఒక్కటే. అక్కడి కమిటీ పెద్ద దత్తాత్రేయ, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ముందురోజు ఫోన్ చేసి బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"ఏమప్పా నూర్ అహ్మదూ, ఆరుకు తెర తీస్తాం. ఈసారి జనకుడు కొత్త మనిషి. ఫ్లెక్సీలు కట్టించినాం, పాత ఫోటోలోంచి ఆ బెండు కిరీటాన్నే తీసి పెద్దగా వేయించినాం. కమిటీలో ముగ్గురు ఆర్కెస్ట్రా కావాలని ఇప్పటికే నా ప్రాణం తీస్తాండారు. ఫ్లెక్సీలో ఒకటి, నెత్తిన ఒకటీ ఉంటే నన్ను నవ్వులపాలు చేస్తారు. వచ్చే యేడు నాటకమూ ఉండదు, నీకు ఫోనూ రాదు. తెల్సు గదా?"

"తెల్సు సార్. కిరీటం వస్తాది" అన్నాడు నూర్ అహ్మద్. అని, ఫోన్ పెట్టేసి, ఖాళీగా ఉన్న జనకుడి పెట్టె వైపు చూశాడు.

కిరీటం ఫ్లెక్సీ మీద ఉంది. పెట్టెలో లేదు. ఏడు నెలలుగా జమ్మలమడుగులో గణపతి ఇంట్లో ఉంది.

గణపతి తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇరవై రెండేళ్లపాటు ఈ చుట్టుపక్కల జనకుడంటే ఆయనే. పొట్ట, గొంతు, కళ్లు సగం మూసుకుని మాట్లాడే అలవాటు, మూడూ రాజర్షికి సరిపోయాయి. ఆయన భార్య పేరు వైదేహి. జనకుడికి కూతురుగా ఉండవలసిన పేరు పెళ్లాంగా వచ్చిందని ఆఫీసులో తోటి గుమాస్తాలు ఉద్యోగమంతా ఆటపట్టించారు.

పోయిన వినాయక చవితికి మైలవరంలో ఆయన ఆఖరి ఆట ఆడాడు. ఆఖరిదని అప్పుడెవరికీ తెలియదు. నాటకం చివర్లో మిథిల తగలబడుతోందని భటులు పరుగెత్తుకొస్తారు. అప్పుడు జనకుడు సింహాసనం మీదినుంచి లేచి, చెక్కుచెదరకుండా, "మిథిల అంతా కాలిపోయినా నాదంటూ కాలేది ఏదీ లేదు" అంటాడు. తెర పడుతుంది. నాటకానికి ప్రాణం ఆ ఒక్క మాట. ఆ రోజు గణపతి లేచాడు, నోరు తెరిచాడు, ఆగిపోయాడు. తెరచాటునుంచి మాట అందించారు. ఒకసారి, రెండుసార్లు. జనంలో ఎవడో ఈల వేశాడు. చివరికి తెర దించేశారు.

గణపతి ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగి, కిరీటంతోనే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నూర్ అహ్మద్ వెంట పోయి ఆటోలో పక్కన కూర్చోవలసింది. పోలేదు. పోతే ఆ మనిషి ముఖంలోకి చూడాల్సి వస్తుందని జంకాడు. నలభై ఏళ్లలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. రేపిస్తాడులే, ఎల్లుండి ఇస్తాడులే అనుకున్నాడు. ఫోన్ చేసి ఆరోగ్యం అడిగాడు, వానలు అడిగాడు, కిరీటం మాత్రం అడగలేదు. అడగకూడదు కదా మరి.

"పోయి తెచ్చుకో. నీ వస్తువే గదా" అంది ఖమ్రున్నీసా.

"పోతా. అడగను."

"అడక్కుంటే ఎట్ల ఇస్తాడు?"

"అదే ఆలోచిస్తాండా."

"బస్సులో ఆలోచిస్తువు గానీ, పో" అని, రంజాన్ అయి వారమే కాబట్టి మిగిలిన సేమ్యా పొట్లం ఒకటి చేతికిచ్చి పంపింది.

నవమినాటి ఉదయం ఎనిమిదిన్నరకు జమ్మలమడుగులో నూర్ అహ్మద్ తలుపు తట్టాడు. వైదేహి తీసింది. తలుపు తీసిన వెంటనే విషయం కూడా తీసింది.

"రా నూరన్నా. కిరీటం కోసరమే గదా? పో, రాజుగారు కొలువులో ఉండారు."

లోపల ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో గణపతి బనియన్, పంచె, కళ్లజోడుతో పేపరు చదువుతున్నాడు. తల మీద కిరీటం.

"రోజూ స్నానం అయినాక గంట సేపు ఇదే కథ" అంది వైదేహి. "పోయిన నెల గ్యాస్ బండ తెచ్చినాయప్ప ఓటీపీ అడిగితే, ఈయన ఇట్లనే వాకిట్లోకి పోయి ఓటీపీ చెప్పినాడు. ఆయప్ప బండ ఆడనే పెట్టి, దండం పెట్టి పాయ. అప్పట్నుంచి బండ ఇంట్లోకి తెచ్చియ్యడు, గేటు కాడ పెట్టి పోతాడు."

గణపతి కళ్లు సగం మూశాడు. "వైదేహీ, లోకం ఏమన్నా అననీ. నాదంటూ ఏముంది ఈ లోకంలో? ఈ ఇల్లు నాదా? ఈ కుర్చీ నాదా?"

"కుర్చీ నాది. మా తమ్ముడు తెచ్చిచ్చినాడు. ఆ కిరీటం నూరన్నది. నీదంటూ ఏమీ ల్యాకపోతే ఇచ్చేయి మల్ల."

"అది వేరే సంగతి" అన్నాడు రాజర్షి, పేపరు తిప్పుతూ.

నూర్ అహ్మద్ బల్ల మీద కూర్చున్నాడు. వైదేహి పానకం ఇచ్చింది, ఉగ్గాని పెట్టింది. సేమ్యా పొట్లం తీసుకుని ఖమ్రున్నీసా మోకాళ్ల నొప్పులు, కోడలి గల్ఫ్ ప్రయాణం, పక్కింట్లో అద్దెకు దిగినవాళ్ల కులగోత్రాలు అన్నీ అడిగింది. తొమ్మిదిన్నరైంది. పులివెందుల బస్సు పన్నెండున్నరకు. ఆ బస్సు పోతే ఆరుకు అందుకోవడం కష్టం. నూర్ అహ్మద్ ఎండ గురించి మాట్లాడాడు. గణపతి ఎండ గురించి జవాబిచ్చాడు. పెన్నలో నీళ్ల గురించి మాట్లాడాడు. దానికీ జవాబు వచ్చింది. కిరీటం దగ్గరికి మాత్రం ఏ మాటా పోలేదు.

పదైంది.

"ఈరోజు పులివెందులలో నాటకం ఉండాది సామీ" అన్నాడు చివరికి. ఇది అడగడం కాదు, వార్త చెప్పడం.

"విన్నా. జనకుడు ఎవరంట?" పేపరు వెనకనుంచి వచ్చింది గొంతు. ఆ గొంతులో వైరాగ్యం అంతగా లేదు.

"నాగశ్రీ అని, ఇడుపులపాయ కాలేజీ హాస్టల్లో వార్డెనమ్మ. మూడొందల మంది ఆడపిల్లల్ను ఒక్క మాటతో అదిలించే గొంతంట."

పేపరు కిందికి దిగింది. "ఆడమనిషి జనకుడా?"

"దాంట్లో ఏముంది సామీ? మీరు మొదట మూడేండ్లు ఏ వేషం కట్టినారో మర్చిపోయినారా? జనకుని కాడికి వాదానికొచ్చే సన్యాసిని వేషం. చీర కుచ్చిళ్లు పెట్టింది నేనే గదా. నాకు పదిహేడు, మీకు పంతొమ్మిది. నడుం మీద చీర నిలవకుండా ఉంటే తువ్వాలు చుట్టి పిన్నీసు కొట్టినా."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. వైదేహి గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏందీ? చీర కట్టినాడా?"

"కాషాయం చీర వదినా. బలే నప్పింది."

"పెళ్లయి నలభై ఏండ్లాయ, ఈ మాట నాకు చెప్పనే ల్యా! నేను చీర కట్టుకునేకి ఆలస్యమైతే మాత్రం వాకిట్లో నిలబడి అంతెత్తున అరుస్తాడు. నీకు తెల్సన్నమాట ఎంత సేపు పడతాదో!"

గణపతి చెవులు ఎర్రబడ్డాయి. కిరీటం కింద ఎర్రబడిన చెవులు కాబట్టి ఇంకాస్త బాగా కనిపించాయి.

అప్పుడే నూర్ అహ్మద్ ఫోను మోగింది. నాగశ్రీ. ఆయనకు ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే సరిగా వినపడదు, ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. గదంతా ఆమె గొంతే.

"నూర్ మామా, బయల్దేరినావా? కిరీటం శానా బరువుంటాదని చెప్పినారు. రెండు దినాల నుంచి నెత్తిన కుక్కరు పెట్టుకొని తిరుగుతాండా. పిల్లోళ్లు నవ్వి చస్తాండారు."

"కుక్కరు దించమ్మా. అది బెండు కిరీటం, గాలికి ఎగరకుండా చూసుకుంటే సాలు."

"ఒకటి అడగాల మామా. ఆ మిథిల మాట ఉండాదే, అది నాకు నోట్లో నిలవడం ల్యా. గట్టిగా చెప్తే పొగరుగా ఉండాది, మెల్లిగా చెప్తే ఏడ్చినట్టుండాది. గణపతి సార్ ఎట్ల చెప్పేవారు?"

నూర్ అహ్మద్ ఫోన్‌ను బల్ల మీద గణపతి వైపు జరిపాడు.

గణపతి గొంతు సవరించుకున్నాడు. "గణపతినే మాట్లాడేది. చూడమ్మా, గట్టిగానూ వద్దు, మెల్లిగానూ వద్దు. పక్కింట్లో పాలు పొంగినాయని చెప్తే ఎట్ల చెప్తావో, అట్ల చెప్పాల."

"మనింట్లో పొంగితే?" అంది వైదేహి.

"నువ్వు గమ్మునుండు. ఇను నాగశ్రీ. లేచి నిలబడాల. కుడిచెయ్యి చాపాల. మిథిల అంతా..." అన్నాడు గణపతి. లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి చాపాడు. అక్కడ ఆగిపోయాడు. మైలవరంలో ఆగినచోటే, మళ్లీ.

"సార్? సిగ్నల్ పోయిందా?" అంది ఫోను.

"పోల్యా" అన్నాడు గణపతి. కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి కళ్లు సగం కాదు, పూర్తిగా తెరిచే ఉన్నాయి. "నేను మాట మర్చిపోలేదు నూరూ. అందరూ మతిమరుపు అనుకున్నారు, అనుకోనీ అని ఊరుకున్నా. మైలవరం ఆటకు పది దినాల ముందు స్టవ్ కాడ ఈమె కొంగు అంటుకోల్యా? నేను పరుగెత్తిపోయి, ఏది దొరికితే అది, దుత్తలో ఉండే మజ్జిగంతా నెత్తిన పోసినా. మంట ఆరిపాయ. నా భయం మాత్రం ఆరల్యా. ఆనాడు స్టేజీ మీద నిలబడితే ముందు వరసలో ఈమె, మోచేతికి కట్టుతో. కాలిపోయినా నాదంటూ ఏదీ లేదని ఎట్ల చెప్పేది? ఇరవై రెండేండ్లు చెప్పిందంతా అబద్ధమా? ఇంట్లో ఒంటరిగా కిరీటం పెట్టుకొని చెప్పి చూస్తాండా. రోజూ ఆన్నే ఆగిపోతాండాది. చెప్పకుండా దీన్ని ఎట్ల తీసేది?"

వైదేహి గరిటె కిటికీలో పెట్టింది. పెట్టి అంది, "ఆనాడు మజ్జిగ పోసింది రాజర్షి కాదు, తాలూకాఫీసు గుమాస్తానే. వారం దినాలు నా తల పులుపు వాసన పోల్యా."

నూర్ అహ్మద్ తల గోక్కున్నాడు. ఆయనకు శాస్త్రం తెలియదు. తెలిసిందల్లా తెర పక్కన నిలబడి చూసింది.

"సామీ, నాకు తెలిసింది చెప్తా, తప్పయితే తిట్టండి. జనానికి ఆ మాటతోనే నాటకం అయిపోతాది, తెర పడతాది. నాకు ఆడ అయిపోదు. మీరు తెర వెనక్కి వచ్చి, కిరీటం తీసి, నా చేతికి ఇచ్చినాకనే నాకు అయిపోయినట్టు. ఇరవై రెండేండ్లు అట్లనే చూసినా. ఆడ ఊరు కాలతాంది గదా, ఈ రాజు కిరీటం ఎందుకు తీసి నాకిస్తాండాడు అని ఆలోచన చేస్తాంటి. నాకేమనిపించిందంటే, నీళ్ల బిందె ఎత్తాలంటే నెత్తిన కిరీటం అడ్డం. నాదేదీ కాలడం ల్యా అన్నాడు, సరే. ఊళ్లోవాళ్లవి కాలతాండాయి గదా? అవి ఆర్పేకి పోతాండాడు. తనది అనుకుంటే ముందు తన మూటలు సర్దుకుంటాడు. తనది ల్యాదు కాబట్టే చేతులు ఖాళీగా ఉండాయి, బిందె పట్టుకునేకి."

రాజర్షికే జ్ఞానం చెప్పానేమోనని నూర్ అహ్మద్ బెదిరిపోయి ఇంకొక్క మాట అన్నాడు.

"మజ్జిగ పోసేటప్పుడు మీ నెత్తిన కిరీటం ఉండిందా సామీ?"

"ల్యా. తువ్వాలు గూడా ల్యా."

"నా దుత్త, నా మజ్జిగ అని చూసుకుంటిరా?"

"యాడ చూసుకునేది?"

"మల్ల? మీరు నాటకంలో మిగిలింది ఇంట్లో చేసినారు, అంతే."

గణపతి పెళ్లాం మోచేతి మీది మచ్చను చూశాడు. తర్వాత లేచాడు. చెయ్యి చాపలేదు, కళ్లు మూయలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా, "మిథిల అంతా కాలిపోయినా నాదంటూ కాలేది ఏదీ లేదు" అన్నాడు. అని, తొందర పని మీద పోయేవాడిలా రెండు చేతులతో కిరీటం తీసి, కళ్లకద్దుకుని, నూర్ అహ్మద్ చేతుల్లో పెట్టాడు.

ఫోనులోంచి చప్పట్లు వినిపించాయి. నాగశ్రీ అంతసేపూ లైన్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది ముగ్గురికీ.

"సార్, నాకు అర్థమాయ. మాపటికి మీరూ రావాల" అని పెట్టేసింది.

"ఎట్ల చెప్తాదో చూడాల" అని రాజర్షి చొక్కా వేసుకున్నాడు. వైదేహి ఐదు నిమిషాల్లో చీర మార్చుకుని వచ్చి, "ఆలస్యమైందా?" అని మొగుడి ముఖంలోకి చూసి మరీ అడిగింది. ఆయన గోడ గడియారం చూశాడు.

పన్నెండున్నర బస్సులో నూర్ అహ్మద్ కిరీటాన్ని సంచిలో పెట్టబోతే గణపతి ఒప్పుకోలేదు. అద్దాలు రాలిపోతాయని ఒళ్లోనే పెట్టుకున్నాడు. కండక్టరు వచ్చింది. వైదేహి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంది. గణపతి కూడా తనకూ అంతేనన్నట్టు చెయ్యి చాపాడు.

"మీకు టికెట్ కొట్టాల సార్" అంది కండక్టరు, కిరీటం వైపు చూసి పెదవి బిగబట్టుకుంటూ.

"రాణికి ఊరకనే, రాజుకు టికెట్టా?" అన్నాడు వెనక సీటాయన.

"అంతేనప్పా, ఇప్పుడు ఎవురి రాజ్యమనుకున్నావు?" అంది వైదేహి. ముద్దనూరు దాటి, కలమల్ల వైపు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు వెనకబడి, చీనీ బత్తాయి తోటలు మొదలయ్యేదాకా బస్సులో అదే నవ్వు.

మూడింటికి పులివెందులలో దిగారు. పెద్ద పెట్టెలు ముందే ఆటో ట్రాలీలో చేరాయి. దత్తాత్రేయ గేటు దగ్గరే నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. కిరీటాన్ని చూసి, ఫ్లెక్సీని చూసి, మళ్లీ కిరీటాన్ని చూసి, సరిపోయిందని తల ఊపాడు. నాగశ్రీకి జడ చుట్టకట్టినా కిరీటం కాస్త వదులే అయింది. నూర్ అహ్మద్ లోపల పాత ధోవతి గుడ్డ మడిచిపెట్టి నాలుగు కుట్లు వేశాడు. ఆరు గంటలకు తెర లేచేసరికి జనకుడు సింహాసనం మీద ఉన్నాడు, కిరీటం జనకుడి మీద ఉంది. నూర్ అహ్మద్ తెర పక్కన, మెడలో సూదీదారంతో, చాలాకాలం తర్వాత నిమ్మళంగా ఊపిరి వదిలాడు.

నాటకం బాగా నడిచింది. వార్డెనమ్మ కళ్లెర్ర చేస్తే భటుల వేషం కట్టిన కుర్రవాళ్లు నిజంగానే వణికారు. తెరచాటున గణపతి ప్రతి మాటా పెదవులతో తానూ చెబుతున్నాడు. వైదేహి ఆయన పెదవులను చూస్తూ నాటకం చూసింది. చివరికి మిథిల తగలబడుతోందని భటులు పరుగెత్తుకొచ్చారు. నాగశ్రీ లేచింది.

"మిథిల అంతా కాలిపోయినా నాదంటూ కాలేది ఏదీ లేదు."

పొగరు లేదు, ఏడుపు లేదు. తెర లాగేవాడు తాడు అందుకున్నాడు. జనకుడు చెయ్యెత్తి ఆపాడు.

"ఊళ్లోవాళ్లవి మాత్రం కాలతాండాయి. యాడప్పా బిందెలు? నిలబడి చూస్తాండారేందిరా, పదండి!"

భటులు నోళ్లు తెరిచారు. ఈ మాట వాళ్ల కాగితాల్లో లేదు. జనకుడు రెండు చేతులతో కిరీటం తీసి, కళ్లకద్దుకుని, తెర పక్కకు తిరిగి చాపి నిలబడ్డాడు. తీసుకోవలసిన మనిషి అక్కడున్నాడు మరి. "పో, పో" అని గణపతి వెనకనుంచి ఒక్క తోపు తోశాడు.

నలభై ఏళ్లు తెర పక్కనే నిలబడిన నూర్ అహ్మద్, గళ్ల లుంగీ, గుండీలు లేని చొక్కా, మెడలో సూదీదారంతో మొదటిసారి దీపాల వెలుగులోకి వచ్చి నిలబడ్డాడు. ముందు వరసలో ఎవరో "రాజుల పెట్టెల మామరోయ్" అని అరిచారు. ఆయన రెండు చేతులూ చాపి కిరీటం అందుకున్నాడు.

"భద్రం మామా. మంట ఆర్పేసి వస్తా" అన్నాడు జనకుడు.

ఏదో ఒకటి అనాలి కదా. రాజులతో గ్రాంథికంలో మాట్లాడాలని తెలుసు గానీ, ఆ సమయానికి ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"పోయి రామ్మా. బిరీన" అన్నాడు.

తెర పడ్డాక కూడా చప్పట్లు ఆగలేదు. ఆర్కెస్ట్రా కావాలన్న ముగ్గురిలో ఇద్దరు నిలబడి మరీ కొట్టారు. దత్తాత్రేయ మాత్రం చొక్కా చెమటతో తడిసి తెర వెనక్కి వచ్చాడు.

"ఎవరప్పా ఈ మాటలు రాసింది? ఏ పుస్తకంలో ఉండాయి? యాభై ఏండ్లుగా వేస్తాండాం, జనకుడు బిందె ఎత్తడం నేనెప్పుడూ సూడల్యా."

నాగశ్రీ నూర్ అహ్మద్ వైపు చూసింది. గణపతి నూర్ అహ్మద్ వైపు చూశాడు. నూర్ అహ్మద్ కిరీటం వైపు చూశాడు.

దత్తాత్రేయకు సగం అర్థమైంది. జేబులోంచి పెన్ను తీశాడు. "సరే. వచ్చే యేడు కరపత్రంలో వేషగాళ్ల పేర్లలో నీదీ రాయాల. ఏ పాత్ర అని రాయను?"

"రాజు మంట ఆర్పేకి పోయినప్పుడు కిరీటం పట్టుకొని నిలబడేటోడు అని రాయండి సార్."

"అంత పొడుగు మాట కరపత్రంలో పట్టదప్పా."

"పట్టకపోతే ఫ్లెక్సీలో రాయించండి" అంది వైదేహి, నూరన్న చొక్కాకు గుండీ కుట్టడానికి ఆయన మెడలోని సూదీదారం లాక్కుంటూ. "ఆడ బోలెడు జాగా ఉండాది."